డీమ్యాట్ దరఖాస్తు ఎందుకు తిరిగి వస్తుంది? ఖాతా యాజమాన్యంలో చిక్కులు, పరిష్కారాలు

డీమ్యాట్ (షేర్లను కాగితంగా కాక ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచుకునే పద్ధతి) దరఖాస్తు తిరిగి రాగానే చాలామంది సంతకం తేడా వచ్చిందేమోనని అనుమానిస్తారు గాని, ముందుగా చూడవలసింది ఖాతాలో ఎవరి పేర్లు, ఏ వరుసలో, ఏ హోదాలో నమోదయ్యాయన్నది.

సమస్య: పాత కాగితపు షేర్లను డీమ్యాట్ చేయమని కోరితే తిరస్కరించారు.

సర్టిఫికెట్‌పై భర్త పేరు ముందు, భార్య పేరు తరువాత ఉండి, ఖాతాలో ఆ వరుస తారుమారైతే రిజిస్ట్రార్ (కంపెనీ తరఫున వాటాదారుల రికార్డులు చూసే సంస్థ) అంగీకరించరు. పేర్లు అవే అయి వరుస ఒక్కటే మారినప్పుడు కొత్త ఖాతా అక్కరలేదు. డీమ్యాట్ అభ్యర్థనతో పాటు ట్రాన్స్‌పోజిషన్ (పేర్ల వరుస మార్పు) ఫారం జతచేసి, ఇద్దరూ సంతకం చేస్తే సరిపోతుంది. సర్టిఫికెట్ ఇద్దరి పేరున, ఖాతా ఒక్కరి పేరున ఉంటే మాత్రం ఈ దారి పనికిరాదు. ఇదివరకే తెరిచిన ఖాతాలో మరో పేరు చేర్చే వీలు లేదు కనుక, అవే పేర్లతో ఉమ్మడి ఖాతా కొత్తగా తెరవాలి. అందులో ముగ్గురికి మించి ఉండరాదు. మన ఇంటిపేర్లతో వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. సర్టిఫికెట్‌పై "కె. వెంకటరమణ" అని, ఖాతాలో ఇంటిపేరు పూర్తిగా చివరన ఉన్నా, తేడా అంతవరకే అయి, సంతకం కంపెనీ దగ్గరున్న నమూనాతో సరిపోలితే సాధారణంగా ఆమోదిస్తారు.

సమస్య: హిందూ అవిభక్త కుటుంబం పేరిట ఖాతా తెరవడానికి ఒప్పుకోలేదు.

కర్త (కుటుంబ వ్యవహారాలు చూసే పెద్ద) తన సొంత పాన్ ఇవ్వడమే ఇక్కడ తరచుగా కనిపించే కారణం. కుటుంబానికి వేరే పాన్, కుటుంబం పేరిట బ్యాంకు ఖాతా, సభ్యుల వివరాలతో కర్త సంతకం చేసిన ప్రకటన కావాలి. ఈ ఖాతాకు ఉమ్మడిదారులు గాని, నామినీ గాని ఉండరు.

సమస్య: భాగస్వామ్య సంస్థ పేరున షేర్లు జమ కావడం లేదు.

భాగస్వాములకు భిన్నమైన చట్టబద్ధ వ్యక్తిత్వం సంస్థకు లేదు గనుక డీమ్యాట్ ఖాతా భాగస్వాముల పేర్లతోనే తెరవాలి. పరిమిత బాధ్యత భాగస్వామ్యానికి (ఎల్‌ఎల్‌పీ) వేరే చట్టబద్ధ వ్యక్తిత్వం ఉంటుంది గనుక ఈ ఇబ్బంది లేదు.

సమస్య: పిల్లల ఖాతాలో లావాదేవీలు ఆగిపోయాయి.

పద్దెనిమిదేళ్లు నిండగానే సంరక్షకుని అధికారం ముగుస్తుంది. కొత్తగా కేవైసీ (గుర్తింపు, చిరునామా ధ్రువీకరణ) చేయించి, ఆ యువతి లేదా యువకుని సంతకంతో వివరాలు నమోదు చేయించాలి.

సమస్య: విదేశంలో ఉద్యోగం, ఖాతా మాత్రం ఇంకా నివాసి హోదాలోనే ఉంది.

హైదరాబాదులో తెరిచిన ఖాతాను డాలస్ నుంచి యథాతథంగా నడపడం చాలా ఇళ్లలో మామూలే అయినా, ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం) నిబంధనల ప్రకారం అది చెల్లదు. ప్రవాస హోదా రాగానే డిపాజిటరీ పార్టిసిపెంట్‌కు (డీమ్యాట్ ఖాతా నడిపే బ్యాంకు లేదా బ్రోకర్‌కు) తెలియజేసి, పాత షేర్లను ఎన్‌ఆర్‌ఓ బ్యాంకు ఖాతాతో (ప్రవాసులు భారత్‌లోని తమ రాబడిని ఉంచుకునే రూపాయి ఖాతా) అనుసంధానమైన నాన్-రిపాట్రియబుల్ (సొమ్మును స్వేచ్ఛగా విదేశానికి తరలించే వీలులేని) డీమ్యాట్ ఖాతాకు మార్పించాలి. ఆ తరువాత వాటిని అమ్మితే, లాభంపై పన్నును (టీడీఎస్) ముందే కోసుకుని మిగిలిన సొమ్మును ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో జమ చేస్తారు.