ఇంట్లో మొక్కల రసాయనం – 3: టానిన్ ఉందో లేదో తేల్చుకోవడం

పోయిన పాఠంలో కరక్కాయ పెచ్చులు నానబెట్టి కషాయం తీశాం. ఇంకా మొదలుపెట్టనివాళ్లు పార్క్ టౌన్ రాసప్ప చెట్టి వీధిలో నాటుమందుల కొట్లు చూడండి. చెన్నైలో 'కడుక్కాయ్' అని అడగాలి. గింజ తీసేసిన పెచ్చులే కొనండి.

ముందు చిన్న పెచ్చు నమలండి. నోరు పిడచగట్టుకుపోతుంది. లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రోటీన్లుంటాయి. మొక్కల్లో ఉండే టానిన్లనే వగరు పదార్థాలు వాటిని పట్టుకుని ముద్ద చేసేస్తాయి, నాలుక గరుకుగా తగులుతుంది. అందుకే వగరు రుచి కన్నా స్పర్శకే దగ్గర.

ఇప్పుడు దాన్నే గ్లాసులో చూద్దాం. ఒక చెంచా కోడిగుడ్డు తెల్లసొన, చిటికెడు ఉప్పు అర గ్లాసు నీళ్లలో కలిపి గుడ్డలో వడకట్టండి. రెండు గ్లాసుల్లో సమంగా పోసి, ఒకదాంట్లో కషాయం, రెండోదాంట్లో అంతే మంచినీళ్లు కలపండి. కషాయం పూర్తిగా చల్లారాలి, లేకపోతే ఆ వేడికే తెల్లసొన ఉడికిపోతుంది. కషాయం పోసిన గ్లాసు మసకబారి, కాసేపటికి అడుగున తెట్టు దిగుతుంది. మంచినీళ్ల గ్లాసు దండగని కొందరు మానేస్తారు. పోల్చుకోవడానికి అది లేకపోతే పరీక్షే కాదు.

తంగేడు బెరడుతో తోళ్లు ఊనడంలో జరిగేదీ ఇదే: పచ్చితోలులోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను టానిన్ బిగించేస్తే తోలు కుళ్లదు. (చెన్నైలో మన క్రోంపేటకు పేరిచ్చిన తోళ్ల కంపెనీది మాత్రం క్రోమియం పద్ధతి.)

రెండోది ఇనుము పరీక్ష. ఇనుప మేకులు వెనిగర్‌లో రెండు రోజులు ఉంచండి. గ్యాస్ వస్తుంది, సీసా మూత బిగించకండి. ఆ నీళ్లు ఒక చుక్క వేస్తే కరక్కాయ కషాయం నీలినలుపు అవుతుంది. తంగేడుదైతే నలుపులో ఆకుపచ్చ ఛాయ. మొదటిదాంట్లో చక్కెరకు గాలిక్ ఆమ్లం అతుక్కున్న టానిన్లు, రెండోదాంట్లో కాటెచిన్ లాంటి చిన్న అణువులు గొలుసు కట్టినవి ఎక్కువ. రెండు రకాలూ ఉన్న చెట్లూ ఉన్నాయి కాబట్టి ఛాయను బట్టి తీర్పు చెప్పేయకండి.

అసలు రంగొక్కటే నమ్మితే బోల్తా పడతాం. ఫిల్టర్ కాఫీ డికాక్షన్‌ను బాగా పలచన చేసి మేకుల నీళ్లు వేయండి, రంగు ముదురుతుంది. తెల్లసొనలో పోస్తే మాత్రం తెట్టు అంతగా రాదు. కాఫీలో ఎక్కువగా ఉండే క్లోరోజెనిక్ ఆమ్లం ఇనుముతో రంగిస్తుంది కానీ, ప్రోటీన్‌ను టానిన్‌లా పడగొట్టలేదు. రెండు పరీక్షలూ నెగ్గితేనే టానిన్ అని రాసుకోండి.

మొక్కకు టానిన్ ఆత్మరక్షణ. ఆకు మేసిన జంతువుకు అందులోని ప్రోటీన్ సరిగా అరగదు. అయితే చాలా గొంగళిపురుగుల పేగులో క్షారగుణం ఎక్కువ, అక్కడ ఈ పట్టు సడలిపోతుంది.

మన పేగులోనూ ఇనుము ఇలాగే టానిన్‌కు చిక్కుకుంటుంది. భోజనమవగానే స్ట్రాంగ్ టీ తాగితే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. మాంసంలోని హీమ్ ఇనుముకు ఈ దెబ్బ తక్కువ. రక్తహీనత ఉన్నవాళ్లు భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం పెట్టడం, పప్పులో నిమ్మకాయ పిండుకోవడం మంచిది.

వచ్చే పాఠానికి దానిమ్మ తొక్క, వక్క, టీ పొడి మూడింటికీ రెండు పరీక్షలూ చేసి పట్టిక రాసి ఉంచండి. గంజి పోయేలా ఉతికిన నూలు గుడ్డ, కాసిని గేదెపాలు కూడా కావాలి. శ్రీకాళహస్తి కలంకారీ నలుపు ప్రయత్నిద్దాం. మేకుల సీసా పారేయకండి.