కొత్త కారు మెరుపు పోయేది దుమ్ముతో కాదు, దుమ్ము తుడిచే గుడ్డతో

మా బామ్మర్ది దసరాకి కారు కొన్నాడు, నల్లది, డోర్‌లో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు అన్నట్టు ఉండేది. సంక్రాంతికి మా ఇంటికొచ్చినప్పుడు ఎండలో ఆపితే చూశా, బానెట్ మొత్తం సాలెగూడు అల్లినట్టు గుండ్రంగా సన్న గీతలు. మూడు నెలలకే! ఏంట్రా ఇది అంటే "ఏం లేదు బావా, రోజూ తుడిపిస్తున్నా, నీట్‌గానే ఉంటుంది" అన్నాడు. రోజూ తుడిపించడం వల్లే ఇలా అయ్యింది రా నాయనా అంటే నవ్వాడు. ఇప్పుడు కారు కొనబోతున్న వాళ్ళు ఇంకో నలుగురు అడిగారు కాబట్టి అందరికీ ఒకేసారి రాసేస్తున్నా.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. కారు పెయింట్ అంటే ఒక పొర కాదు. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక కోటింగ్, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్ అని రంగు లేని వార్నిష్ లాంటిది. ఇవన్నీ కలిపినా చాలా కార్లకి 100 నుంచి 150 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), జిరాక్స్ పేపర్లు రెండు కలిపి పట్టుకుంటే అంతకన్నా మందంగా ఉంటాయి. అందులో మనకి మెరుపు ఇచ్చే క్లియర్ కోట్ 40 మైక్రాన్లు అటూ ఇటూ. పాలిష్ కొట్టించిన ప్రతిసారీ గీతలు "పోవు", గీత లోతు వరకు ఈ క్లియర్ కోట్‌ని అరగదీస్తారు, అంతే. అంటే మన దగ్గర ఉన్న డబ్బా చిన్నది, మళ్ళీ నింపేది కాదు. ఇది అర్థమైతే మిగతాదంతా సులువు.

ఇక కొనడం దగ్గరికి వద్దాం. ఆషాఢంలో మనవాళ్ళు కొనరు కాబట్టి షోరూముల్లో బేరం బాగా నడుస్తుంది, ముహూర్తం పట్టింపు లేకపోతే అప్పుడు బుక్ చేసి శ్రావణంలో డెలివరీ తీసుకోండి, ఇంట్లో వాళ్ళకీ అభ్యంతరం ఉండదు. డిసెంబర్‌లో కూడా డిస్కౌంట్లు ఉంటాయి కానీ అది ఆ ఏడాది తయారైన బండి, రేపు అమ్మేటప్పుడు ఒక సంవత్సరం పాతది కింద లెక్కేస్తారు, డిస్కౌంట్ అంత ఉందా లేదా చూసుకోండి. తయారైన నెల, సంవత్సరం ఏంటో సేల్స్ అబ్బాయి నోటిమాట నమ్మొద్దు, ఛాసిస్ నంబర్, ఫారం 22 (బండికి కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్) అడగండి. ఆన్‌రోడ్ కొటేషన్‌లో ప్రతి లైనూ చదవండి. కారు పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్ళే మన దగ్గర ముందుగా వసూలు చేసే ఇన్‌కమ్ టాక్స్) పడుతుంది, అది మీ ఐటీ రిటర్న్‌లో క్లెయిమ్ చేసుకోవచ్చు, చాలామంది మర్చిపోతారు. ఇన్సూరెన్స్ షోరూమ్ వాళ్ళ దగ్గరే తీసుకోవాలని రూలేం లేదు, బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే వాళ్ళే తగ్గిస్తారు. హ్యాండ్లింగ్ చార్జీలు అని ఉంటే దేనికో కాగితం మీద రాసివ్వమనండి, చాలాసార్లు ఆ లైను దానంతట అదే మాయమైపోతుంది.

రంగు గురించి కూడా ఒక మాట. నల్లది కొంటే ఇంట్లో చంటిపిల్లాడు ఉన్నట్టే, ఎప్పుడూ దాని మీదే కన్ను. గీతలు వెండి రంగులో, తెలుపులో కూడా పడతాయి, కానీ కనపడవు. కారు చూసుకునే టైం లేదు అనుకుంటే తెలుపో సిల్వరో గ్రేనో తీసుకోండి, మనశ్శాంతి.

ఇప్పుడు అసలు పని, పీడీఐ. అంటే డెలివరీకి ముందే యార్డ్‌కి వెళ్ళి బండి చూసుకోవడం. దీన్ని పూర్తి డబ్బులు కట్టకముందు, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ మీ పేరు మీద మొదలుకాకముందు చెయ్యాలి, పేపర్లు అయ్యాక "అయ్యో సార్" తప్ప ఏం రాదు. యార్డ్ ఎక్కడో ఊరి బయట ఉంటుంది, ఎండగా ఉంది సార్ మీరెందుకు రావడం, ఫోటోలు పంపిస్తాం అంటారు. వెళ్ళండి. పొద్దున పది ప్రాంతంలో వెళ్ళండి, సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద అన్ని కార్లూ బాగానే ఉంటాయి. ప్రతి డోరునీ పక్కనుంచి వంగి చూడండి, నేరుగా ఎదురుగా నిలబడి చూస్తే ఏం కనపడదు. పక్క పక్క భాగాల రంగులో తేడా, డోర్ అంచుల్లో రబ్బరు మీద పడ్డ పెయింట్ చుక్కలు, బానెట్ బోల్టుల మీద స్పానర్ గీతలు, ఇవన్నీ ఎక్కడో తగిలితే మళ్ళీ పెయింట్ వేశారని చెప్పే గుర్తులు. టైర్ల మీద నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం, నాలుగు టైర్లకీ దగ్గర దగ్గరగా ఉండాలి, స్టెప్నీ కూడా చూడండి.

నాకు జరిగింది చెప్తా, షోరూమ్ పేరెందుకు లెండి. తెలిసినాయన దగ్గర పెయింట్ మందం కొలిచే మీటర్ ఉంటే అడిగి పట్టుకెళ్ళా. కారంతా 110, 115 చూపిస్తోంది, ఎడమవైపు వెనక డోర్ ఒక్కటే 240. మళ్ళీ పెట్టా, మళ్ళీ 240. సేల్స్ అబ్బాయి మొహం చూస్తే వాడికి కూడా తెలీదని అర్థమైంది పాపం, ట్రక్కులోంచి దింపేటప్పుడు ఎక్కడో తగిలి ఉంటుంది, రంగేసి పెట్టారు. రెండు వారాలు కొట్లాడితే వేరే బండి ఇచ్చారు. డబ్బులు కట్టేసి ఉంటే ఆ డోరే నాకు.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. బండి ఓకే అనుకున్నాక "డెలివరీకి ముందు కడగొద్దు, పాలిష్ పెట్టొద్దు, అలా దుమ్ముతోనే ఇవ్వండి" అని వాట్సాప్‌లో రాసి పంపండి. మిమ్మల్నేదో పిచ్చోడిలా చూస్తారు, చూడనివ్వండి. యార్డ్‌లో నెల రోజులు దుమ్ము పేరుకున్న బండిని షోరూమ్ వెనకాల ఒకే బకెట్ నీళ్ళతో, ఒకే స్పాంజ్‌తో, రోజుకి పది కార్లు కడిగే కుర్రాడి చేతికిస్తే మీ కారుకి మొదటి గీతలు అక్కడే పడతాయి. ఆ తర్వాత పాలిష్ మెషీన్ పెట్టి తిప్పితే మెరిసిపోతుంది కానీ ఎండలోకి రాగానే మెషీన్ తిరిగిన గుండ్రాలు కనపడతాయి.

టెఫ్లాన్ కోటింగ్ అని అమ్ముతారు, వద్దనండి. పెనం మీద టెఫ్లాన్ అంటాలంటే దాదాపు 400 డిగ్రీల్లో కాల్చాలి, మీ కారుని అలా కాల్చలేరు కదా. వాళ్ళు పూసేది మామూలు మైనం లాంటిదే, కొన్ని నెలలు ఉండి పోతుంది. ఆ డబ్బుతో మంచి షాంపూ, మైక్రోఫైబర్ గుడ్డలు కొన్నా ఇంకా మిగులుతాయి.

మా హైదరాబాద్‌లో అయితే షోరూమ్ నుంచి నేరుగా పెద్దమ్మ గుడికో కర్మన్‌ఘాట్ హనుమంతుడి దగ్గరికో పూజకి వెళ్తాం. పూజ మానమని నేను చెప్పట్లేదు, చెప్తే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు. కానీ పంతులుగారితో ముందే నెమ్మదిగా చెప్పుకోండి, ఆయనకి రోజూ అలవాటే. పసుపు కుంకుమ బానెట్ మీద రుద్దే బదులు ముందు అద్దం మీద స్వస్తిక్ వేయమనండి, అద్దానికి ఏం కాదు. తప్పదంటే పెయింట్ మీద వేలితో తేలిగ్గా పెట్టమనండి, ఇంటికి రాగానే తుడవకండి, నీళ్ళు పోసి కడగండి, ఎండిన కుంకుమని గుడ్డతో తుడవడం అంటే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. తెల్ల కారుకి పసుపు మరక మిగిలితే కంగారు పడకండి, పసుపు ఎండకి వెలిసిపోతుంది, కుంకుమ రంగు అలా కాదు. హారతి పళ్ళెం బానెట్ మీద పెట్టనివ్వకండి, వేడికి క్లియర్ కోట్ పొంగుతుంది. కొబ్బరికాయ బంపర్‌కి నాలుగడుగుల దూరంలో కొట్టించండి, చిప్ప ముక్క ఎగిరి తగిలితే మీ మొదటి దెబ్బ దేవుడి ముందే. బంతిపూల దండ ఆ రాత్రే తీసేయండి, వాడిపోయి మరకలు పడతాయి. నిమ్మకాయలు టైర్ల కింద పెడితే సమస్యే లేదు, తొక్కేసి వచ్చేయండి.

ఇక రోజువారీ సంగతి. అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే ఐదింటికి ఒకాయన బకెట్, గుడ్డ పట్టుకుని వస్తాడు, ముప్పై కార్లు, ఒకటే గుడ్డ. ఆయన తప్పేం లేదు, ఇచ్చే ఏడొందలకి అంతకన్నా ఎలా చేస్తాడు. కానీ మన ఊరి దుమ్ము మామూలు దుమ్ము కాదు, కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ అటువైపు ఉంటే మరీనూ, రాళ్ళు పగలగొట్టిన పొడి, సిమెంట్, ఇసుక. దాన్ని తడిగుడ్డతో రుద్దితే ఇసుక కాగితమే. నేనేం చేశానంటే మా కారు తుడిచే ఆయనకి "అన్నా, అద్దాలు, టైర్లు మాత్రం చెయ్యి, బాడీ ముట్టుకోకు, డబ్బులు అంతే ఇస్తా" అని చెప్పా. మొదట్లో అనుమానంగా చూశాడు, ఇప్పుడు ఖుషీ. మీ వాళ్ళు వినకపోతే పొద్దున మానిపించేయండి, దుమ్ము ఉన్నా పర్లేదు, వారం రోజులు కూర్చున్న దుమ్ము పెయింట్‌ని ఏం చెయ్యదు. కవర్ కూడా అంతే, దుమ్ము పట్టిన కారు మీద కవర్ వేస్తే గాలికి అది కదిలినప్పుడల్లా రుద్దుతూనే ఉంటుంది.

కడిగేది పది పదిహేను రోజులకోసారి మీరే కడగండి. నీడలో, బానెట్ చల్లబడ్డాక. ముందు వట్టి నీళ్ళు పైనుంచి కిందకి పోసి ఊడేదంతా ఊడిపోనివ్వండి. తర్వాత రెండు బకెట్లు, ఒకదాంట్లో కారు షాంపూ, ఇంకోదాంట్లో వట్టి నీళ్ళు. మైక్రోఫైబర్ మిట్‌ని (చేతికి వేసుకునే తొడుగు) షాంపూలో ముంచి, రూఫ్ నుంచి మొదలుపెట్టి, ఒక భాగం కాగానే వట్టి నీళ్ళలో జాడించి మళ్ళీ షాంపూలో ముంచండి. తిన్నగా రుద్దండి, గుండ్రంగా వద్దు, నొక్కొద్దు. చక్రాలకి వేరే గుడ్డ, దాన్ని బాడీ మీదకి తేవొద్దు, బ్రేక్ దుమ్ములో ఇనుప రజను ఉంటుంది. గుడ్డ కింద పడిందా, ఆరోజుకి దాన్ని పక్కన పడేయండి. సర్ఫ్, గిన్నెలు తోమే లిక్విడ్ వాడకండి, పైన ఏదైనా మైనం ఉంటే అదీ పోతుంది. పైపు పెట్టి కడగడానికి అసోసియేషన్ ఒప్పుకోకపోతే, ట్యాంకర్ల సీజన్లో ఒప్పుకోరు కూడా, రిన్స్‌లెస్ వాష్ అని, మళ్ళీ నీళ్ళు పోసి కడగక్కర్లేనిది దొరుకుతుంది, ఒక్క బకెట్‌తో కారంతా అయిపోతుంది, నేను ఎండాకాలం మొత్తం దానితోనే లాగించా.

ఆరబెట్టడం మాత్రం బద్ధకించొద్దు, ముఖ్యంగా బోరు నీళ్ళైతే. మన దగ్గర బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, గీజర్ చూస్తే తెలుస్తుంది, కారు మీద చుక్క ఆరితే తెల్లటి రింగు మిగులుతుంది, ఎండకి అది లోపలికి తింటుంది. కొత్తగా పడ్డ రింగులైతే తెల్ల వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి గుడ్డతో అద్ది ఒక నిమిషం ఆగి కడిగేస్తే పోతాయి. సెల్లార్‌లో స్లాబ్ నుంచి కారే చుక్కలకి కూడా ఇదే మందు, ఆ నీళ్ళలో సున్నం ఉంటుంది, కానీ వారాల తరబడి వదిలేస్తే వెనిగర్ కాదు కదా పాలిష్ కూడా పూర్తిగా తియ్యలేదు. మీ స్లాట్ పైన పైపులు, తడి మచ్చలు ఉన్నాయేమో ఫ్లాట్ కొన్నప్పుడు చూడలేదు కదా, ఇప్పుడైనా చూడండి.

పావురాలు! హైదరాబాద్‌లో కారు పెయింట్‌కి వాటిని మించిన శత్రువు లేదు. రెట్టలో యాసిడ్ ఉంటుంది, మే నెల ఎండలో గంటల్లోనే మచ్చ దిగిపోతుంది. చూడగానే గోకకండి, అందులో ఇసుక రేణువులు ఉంటాయి, తడి టిష్యూ వేసి పది నిమిషాలు నాననిచ్చి పైకి ఎత్తేయండి. డోర్ పాకెట్‌లో ఒక నీళ్ళ సీసా, టిష్యూలు పెట్టుకుంటే సరి. రాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద వచ్చాక బంపర్‌కి అతుక్కున్న పురుగులకీ, తొలకరికి లైట్ల చుట్టూ వచ్చే ఉసిళ్ళకీ అదే పద్ధతి, మర్నాడు పొద్దున్నే.

సిరామిక్ కోటింగ్, అంటే పెయింట్ మీద పూస్తే గట్టిపడే పల్చటి పొర, చేయించాలా అని అందరూ అడుగుతారు. నీళ్ళు నిలబడవు, మురికి తొందరగా వదులుతుంది, కడగడం సుఖం, అంతవరకు నిజం. గీతలు పడవు అనేది నిజం కాదు. 9హెచ్ అని చూపించేది పెన్సిళ్ళతో గీసి చూసే టెస్ట్‌లో నంబర్, వజ్రాల గట్టిదనం కాదు. రాయి తగిలితే ఆపేది పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) ఒక్కటే, అది 150 నుంచి 200 మైక్రాన్ల ప్లాస్టిక్ పొర, అంటే మీ పెయింట్ కన్నా మందం, చిన్న గీతలు ఎండ వేడికి వాటంతట అవే పూడిపోతాయి, కానీ ధర లక్ష దాకా పోతుంది. నా లెక్కలో బానెట్, ముందు బంపర్, డోర్ హ్యాండిల్ గుంటలు, డోర్ అంచులు, ఇంతవరకు పీపీఎఫ్ వేయించుకుని మిగతా కారుకి మూడు నెలలకోసారి స్ప్రే వ్యాక్స్ కొట్టుకుంటే చాలు. ఏది వేయించినా ముందు గీతలు తీయించాకే వేయించండి, లేకపోతే ఆ గీతల్ని అద్దం కింద ఫ్రేమ్ కట్టించినట్టు ఉంటుంది.

చిన్న గీత పడగానే ఇన్సూరెన్స్ క్లెయిమ్ చెయ్యకండి. ఏడాది క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో (మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగం) 20 శాతం తగ్గుతుంది, అలా ఐదేళ్ళకి 50 దాకా వెళ్తుంది, రెండు వేల పనికి క్లెయిమ్ పెడితే అదంతా మళ్ళీ సున్నా. రాయి తగిలి చుక్కంత పెయింట్ లేచిపోతే టచప్ పెన్ను చాలు. కలర్ కోడ్ ఏంటో డోర్ తీసినప్పుడు కనపడే స్టిక్కర్ మీదో బానెట్ కిందో ఉంటుంది, ఫోటో తీసి పెట్టుకోండి. అగ్గిపుల్ల చివరతో చుక్క పెట్టి, ఆరాక ఇంకో చుక్క, డబ్బాలో ఇచ్చిన బ్రష్‌తో పూస్తే దూరానికి కూడా కనపడుతుంది. మా బామ్మర్ది అలాగే పూశాడు.