ప్రహరీ గోడ కట్టిస్తున్నారా? రేటు అడిగే ముందు టేపు పట్టండి

స్థలం కొన్నాక మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎవరైనా ముందు చేసే పని చుట్టూ ప్రహరీ లేపడం. ముగ్గురు మేస్త్రీలను పిలిచి "ఎంతవుతాది?" అని అడుగుతారు. ఒకాయన రన్నింగ్ అడుగుకి ఇంత అంటాడు, ఇంకొకాయన చదరపు అడుగుకి ఇంత అంటాడు, మూడో ఆయన స్థలం చుట్టూ ఒకసారి తిరిగొచ్చి "మొత్తం కలిపి ఇంతిచ్చేయండి బాబూ, మిగతాది నేను చూసుకుంటాను" అంటాడు. ఈ మూడింట్లో ఏది తక్కువో ఏ ఇంజినీరూ చెప్పలేడు. ఎందుకంటే ముగ్గురూ మూడు వేర్వేరు గోడలకి రేటు చెప్పారు, ఒకాయన లెక్కలో పునాది లేదు, ఇంకొకాయన లెక్కలో ప్లాస్టరింగ్ ఒక వైపే ఉంది. అందుకే పరిమాణాలు మీరు రాసివ్వాలి, రేటు మాత్రం వాళ్లు నింపాలి. ప్రభుత్వ టెండర్లలో బీవోక్యూ (ఏ పని ఎంతో రాసిన పరిమాణాల పట్టిక) అనే కాగితం చేసే పని ఇదే.

కొలవడానికి స్టీలు టేపు వాడండి, గుడ్డ టేపు లాగితే సాగుతుంది. దస్తావేజులో 36×60 అని ఉన్నా నాలుగు వైపులా విడివిడిగా కొలిచి, మూల నుంచి ఎదురు మూలకి రెండు కర్ణాలు కూడా కొలవండి. ఎదురెదురు వైపులు సమానంగా ఉండి కర్ణాలు కూడా సమానమైతేనే మూలలు సరిగ్గా ఉన్నట్టు. తేడా వస్తే ముందు సర్వేయర్‌ని పిలవండి, గోడ లేచాక పక్కింటివాళ్లతో తగువు పడటం కన్నా ఆ ఖర్చు నయం.

ఇప్పుడు ఆ 36×60 అడుగుల స్థలమే, అంటే దాదాపు ఐదు సెంట్లు, తీసుకుని లెక్క చేద్దాం. చుట్టుకొలత 192 అడుగులు. చాలామంది ఇక్కడే ఆగి 192ని మందంతో గుణించేస్తారు, అప్పుడు నాలుగు మూలలూ రెండేసిసార్లు లెక్కలోకి వస్తాయి. గోడ మందం 9 అంగుళాలైతే మధ్య గీత మీద కొలవాలి: 35.25, 59.25 కలిపి రెండు రెట్లు చేస్తే 189 అడుగులు. గేటుకి 12 తీసేస్తే గోడ 177 అడుగులు. పునాదికి మాత్రం ఇదే అంకె వాడకండి. పునాది పక్కవాళ్ల స్థలంలోకి పోకూడదు కాబట్టి గొయ్యి మొత్తం మన హద్దు లోపలే తీస్తాం, దాని మధ్య గీత ఇంకా లోపలికి జరుగుతుంది. రెండడుగుల వెడల్పు గొయ్యికి 34, 58 కలిపి రెండు రెట్లు, 184 అడుగులు. గేటు కింద కూడా పునాది వెళ్తుంది, అందుకని ఇక్కడ 12 తీయనక్కర్లేదు. రెండున్నర అడుగుల లోతుకి 920 సీఎఫ్‌టీ (ఘనపు అడుగులు), క్యూబిక్ మీటరుకి 35.3 చొప్పున 26 క్యూబిక్ మీటర్లు. తవ్విన మట్టిని గొయ్యి కొలతతోనే లెక్కగట్టాలి, పక్కన పోసిన కుప్ప కొలిస్తే మట్టి గుల్లబారి ఎక్కువ చూపిస్తుంది.

ఇటుక పని అయిదడుగుల ఎత్తుకి 177×0.75×5, అంటే 664 సీఎఫ్‌టీ. ఇటుకలు ఎన్ని అనేది మేస్త్రీ నోటి లెక్క మీద వదిలేయకండి. బట్టీ మారితే ఇటుక సైజు మారుతుంది. పది ఇటుకలు వరసగా పేర్చి కొలిచి సగటు తీయండి, దానికి సిమెంటు సందు కలపండి. సందుతో కలిపి 9×4.5×3 అంగుళాలు ఆక్రమించే ఇటుకైతే సీఎఫ్‌టీకి 14.2 చొప్పున సుమారు 9,440 పడతాయి, విరుగుడికి 5 శాతం కలిపితే 9,900. అదే మందం మూడుకి బదులు రెండున్నర అంగుళాలు వచ్చిందనుకోండి, విరుగుడు కలపకుండానే 11,300 దాటుతాయి. అర అంగుళం తేడాకి దాదాపు 1,900 ఇటుకలు! "మా ఇటుక రూపాయి తక్కువ" అన్నవాడి ఇటుకని ముందు టేపుతో కొలవమనేది ఇందుకే. పిల్లర్లు గోడ మందంలోనే వస్తే ఒక్కో 9×9 పిల్లర్ దగ్గర 40 ఇటుకలు తగ్గాలి. పది అడుగులకొకటి చొప్పున వేస్తే మొత్తం 19 దాకా వస్తాయి. ఖర్చు తగ్గుతుందని పిల్లర్లు మానేయమనే సలహా మాత్రం వినొద్దు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన జిల్లాలు మనవి, పొడవాటి ఒట్టి ఇటుక గోడ గాలికి ఆగదు. ఒక పాలు సిమెంటుకి ఆరు పాళ్ల ఇసుక (1:6) చొప్పున ఈ గోడకి సిమెంటు 25 నుంచి 28 బస్తాలు పడుతుంది, ప్లాస్టరింగ్‌కి వేరే.

ప్లాస్టరింగ్ రెండు వైపులా 1,770 చదరపు అడుగులు, పైభాగం ఇంకో 133. గొడవలన్నీ ఈ ఒక్క చోటే పుడతాయి: రేటు ఒక వైపుకా, రెండు వైపులకా? పైభాగం కలిపా? కాగితం మీద రాయించుకోండి. (తర్వాత ఇల్లు కట్టేటప్పుడు తలుపులు, కిటికీల దగ్గర కూడా ఇదే తగువు వస్తుంది. కట్టుబడి పనుల కొలతలకి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 ప్రకారం అర చదరపు మీటరు లోపు ఖాళీలకి ఏమీ తీయరు, అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా ఒక వైపే తీస్తారు. మామూలు మూడున్నర అడుగుల తలుపు ఈ రెండో రకంలోకే వస్తుంది. మూడు దాటితే రెండు వైపులా తీసి, పక్కల ప్లాస్టరింగ్ కలుపుతారు.)

ఇనుముకి ఒక్క సూత్రం చాలు: కడ్డీ సైజుని మిల్లీమీటర్లలో తీసుకుని దానితో దాన్నే గుణించి 162తో భాగిస్తే మీటరుకి కిలోలు వస్తాయి. 10 ఎంఎం అయితే 0.617. ప్లింత్ బీమ్ (పునాది మీద, గోడ కింద పోసే కాంక్రీటు బీమ్) గేటు కింద నుంచి కూడా పోతుంది కాబట్టి 189 అడుగులు, నాలుగు కడ్డీలకి 142 కిలోలు. అతుకులు, రింగులు, పిల్లర్ల ఇనుము దీనికి అదనం.

ఇసుక దగ్గర జాగ్రత్త. 2024 జూలై నుంచి ఇసుక ఉచితమే గానీ లోడింగు, రవాణా మనవే, కాబట్టి వంశధార, నాగావళి పక్కనున్న ఊరికీ, దూరంగా ఉన్న చీపురుపల్లికీ అంచనా ఒకటి కాదు. ట్రాక్టర్ వచ్చినప్పుడు తొట్టి పొడవు, వెడల్పు, ఇసుక నిలిచిన ఎత్తు కొలవండి, 100 సీఎఫ్‌టీ అయితేనే యూనిట్. తడి ఇసుక ఉబ్బి ఉంటుంది, దాన్ని పట్టుకోవడం తేలిక. గాజు గ్లాసులో 12 సెంటీమీటర్లు వదులుగా పోసి, నీళ్లు నింపి బాగా కలిపి వదిలేయండి. ఇసుక 10కి దిగితే ఉబ్బు 20 శాతం, అంటే యూనిట్ అని డబ్బు కట్టి 83 సీఎఫ్‌టీ తెచ్చుకున్నట్టు.

ఇవన్నీ ఒక పట్టికలో వేయండి: పని, పరిమాణం, యూనిట్, రేటు, మొత్తం. రేటు, మొత్తం గళ్లు ఖాళీగా వదిలి ముగ్గురికీ ఒకటే కాపీ ఇవ్వండి. కింద షరతులు రాయండి: మెటీరియల్ ఎవరిది, నీళ్లు, కరెంటు ఎవరివి, సెంట్రింగ్ చెక్కలు ఎవరివి, మిగిలిన మట్టి ఎవరు ఎత్తాలి, ఎన్ని రోజుల్లో పూర్తవ్వాలి, జీఎస్టీ కలిపా విడిగానా. మీ సొంత అంచనా కూడా ముందే వేసి పెట్టుకోండి, ప్రభుత్వం పనులకి ఖరారు చేసే ఎస్‌ఎస్‌ఆర్ రేట్లు సరిచూసుకోవడానికి పనికొస్తాయి గానీ అవే బజారు ధరలని అనుకోవద్దు. ఎవరిదైనా మీ అంచనా కన్నా మరీ తక్కువగా ఉంటే సంతోషపడకండి, ఏ లైన్ దగ్గర తగ్గించాడో వేలు పెట్టి అడగండి. మెటీరియల్ తనదే అన్నవాడు తగ్గించేది ఎక్కువగా సిమెంటులోనే.

పంచాయతీ పనులకో, ఆర్ అండ్ బీ పనులకో టెండర్ వేయాలనుకునే కుర్రాళ్లకి కూడా లెక్క ఇదే, కాకపోతే అక్కడ పరిమాణాలు వాళ్లే ఇస్తారు. ఈ-ప్రొక్యూర్‌మెంట్ అనే ఆన్‌లైన్ టెండర్ల సైటులో డిజిటల్ సిగ్నేచర్‌తో, ఈఎండీ (టెండర్ ధరావతు) కట్టి, వాళ్ల అంచనా మొత్తం మీద ఎక్సెస్ (ఎక్కువ) లేదా లెస్ (తక్కువ) శాతం వేస్తారు. పక్కవాడు 15 లెస్ వేశాడని మనమూ 18 వేస్తే సరిపోదు. జీఎస్టీ, లేబర్ సెస్ 1 శాతం, సీనరేజి (రాయి, కంకర లాంటి ఖనిజాలకి ప్రభుత్వానికి కట్టే రుసుము), బిల్లు వచ్చేదాకా అప్పు మీద పడే వడ్డీ, ఇవన్నీ వేసుకుని, క్వారీ నుంచి, రేవు నుంచి సైటుకి దూరం స్వయంగా బండి మీద వెళ్లి చూసుకుని అప్పుడు శాతం తేల్చుకోండి. అంచనాలో లీడ్ (మెటీరియల్ మోసే దూరం) అని రాసిన కిలోమీటర్లూ మీ బండి మీటరూ చాలాసార్లు కలవవు.

పని మొదలయ్యాక ఒక నోటుబుక్కు పెట్టండి, ఆఫీసుల్లో ఎం.బుక్ (కొలతల పుస్తకం) ఉన్నట్టే. తేదీ, ఎక్కడ కొలిచారు, పొడవు, వెడల్పు, ఎత్తు, కింద ఇద్దరి సంతకాలు. తప్పు పడితే చెరపకుండా గీత కొట్టి పక్కన సంతకం పెట్టండి. గొయ్యి కొలత రాయి పడకముందే, ఇనుము కొలత కాంక్రీటు పోయకముందే తీసుకోవాలి, కప్పేసిన పనికి మాట తప్ప సాక్ష్యం ఉండదు. అడ్వాన్స్ తక్కువగా ఇచ్చి, కొలిచిన పనికి వారం వారం చెల్లించండి. సంక్రాంతికి ముందు మేస్త్రీలు అడ్వాన్స్ కోసం గట్టిగానే అడుగుతారు, పండక్కి ఊరెళ్లినవాళ్లు ఎప్పుడొస్తారో తెలియదు కాబట్టి అప్పటిదాకా అయిన పని కొలిచి ఆ మేరకే ఇవ్వండి. చివర్లో ఒక 5 శాతం ఆపి, ఒక వానాకాలం గడిచాక ప్లాస్టర్ బీటలు తీయలేదని చూసుకుని ఇస్తామని ముందే ఒప్పందంలో రాసుకోండి.