బండ ఎక్కేవాళ్ల మీద డాక్యుమెంటరీ తీయడం ఎలా?

చలికాలం వచ్చిందంటే భువనగిరి గుట్ట దగ్గర ఎవరో ఒకరు తాడు కట్టుకొని బండ ఎక్కుతుంటారు, కింద ఎవరో ఒకరు ఫోన్ ఎత్తి తీస్తుంటారు. అలాంటి వీడియోలు నాకు చాలా వస్తాయి. అన్నిట్లో కనిపించేది ఒకటే: హార్నెస్ (తాడు తగిలించే నడుము, తొడల పట్టీ) బిగించిన నడుము, రెండు బూట్ల అడుగు భాగాలు, వెనక తెల్లటి ఆకాశం, మీద ఒక సినిమా పాట. ఎక్కే మనిషి ముఖం ఉండదు, వేళ్లు ఉండవు, ఊపిరి వినపడదు. ఇంత కష్టపడి ఎక్కినవాళ్లను ఇలా చూపిస్తే నాకు బాధేస్తుంది. ఏళ్లుగా నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు గుట్టల మీద తీస్తున్నాను కాబట్టి, నా పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

సామాను గురించి ఎక్కువ ఆలోచించకండి. మంచి ఫోన్ అయినా సరే, చిన్న కెమెరా అయినా సరే. ఒక కాలర్ మైకు, రెండు బ్యాటరీలు, రెండు కార్డులు. మీకూ ఒక హార్నెస్, హెల్మెట్. కెమెరాకు విడిగా తాడు కట్టి మీ హార్నెస్‌కు తగిలించండి, చేయి జారితే అది కింద ఉన్నవాళ్ల తల మీద పడుతుంది. కోట ఉన్న గుట్ట అయితే పురావస్తు శాఖ వాళ్ల అనుమతి ముందే అడగండి. భువనగిరి, దేవరకొండ, కోయిల్‌కొండ, ఏదైనా సరే, గోడలకు మేకు కొట్టడం, రంగు గుర్తులు పెట్టడం చేయొద్దు.

డ్రోన్ వద్దు. బండ ఎంత పెద్దదో డ్రోన్ చూపిస్తుంది, నిజమే, కానీ మనిషిని చీమను చేసేస్తుంది. దాని రొదలో ఊపిరి వినపడదు. పైగా మన గుట్టల చరియల కింద తేనెతుట్టెలు ఉంటాయి. అవి లేచాయంటే తాడు మీద వేలాడే మనిషి ఎటు పోతాడు?

టైము: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది లోపు. మనది గ్రానైటు. ఎండెక్కితే పెనంలా కాలుతుంది, వేళ్లకు చెమట పడుతుంది, చెమట పట్టిన వేలు జారుతుంది. వెలుతురు బాగుంటుందని పదకొండు గంటలకు పిల్లలను బండ ఎక్కించడం తప్పు.

తీయడానికి ముందు కనీసం రెండు రోజులు కెమెరా లేకుండా ఆ మనిషితో తిరగండి. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట శిక్షణ తీసుకున్నది ఈ భువనగిరి బండ మీదే. ఆమెతో పాటు శిఖరం చేరిన సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఇక్కడే నేర్చుకున్నారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. శిఖరం మీద జెండా ఫొటో అందరూ చూశారు. ఆ ఫొటో వెనక, పొద్దున్నే బస్సు దిగి, టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, అరిచేతులకు చాక్ పొడి రాసుకొని, పదిసార్లు జారి పదకొండోసారి ఎక్కే రోజులు ఉంటాయి. డాక్యుమెంటరీకి కావలసింది ఆ రోజులే. ఆ మనిషి ఏం తింటారు, ఎప్పుడు మౌనంగా ఉంటారు, భయం వేస్తే ఏం చేస్తారు, ఇవి తెలియకుండా కెమెరా బయటకు తీయకండి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఎక్కే ప్రతి దారిలోనూ అన్నిటికన్నా కష్టమైన చోటు ఒకటి ఉంటుంది. ఎక్కేవాళ్లు దాన్ని క్రక్స్ అంటారు. సినిమా అంతా అక్కడే ఉంటుంది, ప్రమాదమూ అక్కడే ఉంటుంది. నేను చూసిన వీడియోలు పాడైంది కూడా అక్కడే.

మన గ్రానైటు మీద చాలా చోట్ల పట్టుకోవడానికి గాడి ఉండదు. నున్నటి వాలు. మనిషిని నిలబెట్టేది చేతులు కాదు, బూటు ముందు భాగంలో రూపాయి బిళ్లంత రబ్బరు. మడమ కొంచెం కిందికి ఉంటే రబ్బరు బండను కరచుకుంటుంది, మడమ లేచిందా, జారినట్టే. ఎక్కేవాళ్ల మనసంతా అప్పుడు ఆ రబ్బరు మీదే ఉంటుంది.

ఒకసారి దేవరకొండ వైపు ఒక గుట్ట మీద పదహారేళ్ల పిలగాడిని తీస్తున్నాను. క్రక్స్ దగ్గర వాడి ముఖం నీడలో పడింది. "తమ్ముడూ, కొంచెం ఇటు చూడు" అన్నాను. చూశాడు. తల తిప్పగానే కుడి మడమ లేచింది, పాదం జారింది. తాడు ఆపింది కాబట్టి మోకాలి చర్మం గీసుకుపోవడంతో సరిపోయింది. కింద తాడు పట్టుకున్న వాడి అన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అలా చూశాడంతే. ఆ రోజు నుంచి క్రక్స్ దగ్గర నేను నోరు తెరవలేదు. మీరూ తెరవకండి. "శెభాష్" కూడా అనకండి.

ముందు రోజే ఆ దారి కింద నిలబడి, కష్టమైన చోటేదో ఎక్కేవాళ్లనే చూపించమనండి. మీ స్థానం వాళ్ల కింద కాదు, పైనా కాదు, పక్కన. పదిహేను, ఇరవై అడుగుల దూరంలో, వాళ్లు ఉండే ఎత్తులోనే. వాలు ఎంత నిటారుగా ఉందో పక్క నుంచే తెలుస్తుంది, ఎదురు నుంచి తీస్తే బండ నేలలా కనిపిస్తుంది. దూరంగా ఒక తాటిచెట్టు ఫ్రేములో ఉండేలా చూసుకొని, అది నిటారుగా కనిపించేలా కెమెరా పట్టుకోండి. కెమెరా వంచి బండను నిటారుగా చూపిస్తే అది అబద్ధం, ఎక్కడం తెలిసినవాళ్లు ఒక్క చూపులో పట్టేస్తారు.

మీ తాడుకు వేరే యాంకర్ (తాడును పైన బండకు బిగించే ఆధారం) ఉండాలి. ఎక్కేవాళ్ల యాంకర్‌కు మీ బరువు వేయొద్దు. అరగంట ముందే అక్కడ కుదురుకోండి. ఫోకస్ లాక్ చేయండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. వాళ్లు క్రక్స్‌కు ఐదారు అడుగుల కింద ఉండగానే రికార్డింగ్ మొదలుపెట్టి ఇక కదలకండి. మైకు వైరు చొక్కా లోపల టేపుతో అంటించాలి, హార్నెస్‌కు తగలకూడదు. మైకు ఇబ్బంది అంటే తీసేయండి, బతిమాలకండి.

మీరు పక్కన ఉంటేనే టెన్షన్ అని వాళ్లు అంటే, చిన్న కెమెరా ఒకటి క్లాంపుతో బిగించి మీరు దిగిపోండి. పేరున్న సినిమావాళ్లూ ఇదే చేశారు. బండలు ఎక్కే అలెక్స్ హోనాల్డ్ 2017 జూన్ 3న అమెరికాలోని ఎల్ కాపిటన్ అనే దాదాపు 3,000 అడుగుల గ్రానైటు గోడను తాడు లేకుండా 3 గంటల 56 నిమిషాల్లో ఎక్కాడు. దాని మీద తీసిన డాక్యుమెంటరీకి 2019లో ఆస్కార్ వచ్చింది. అందరూ అతన్ని చూస్తారు, నేను కెమెరాలు ఎక్కడ పెట్టారో చూస్తాను. గోడ మీద తీసినవాళ్లు స్వయంగా ఎక్కడం తెలిసినవాళ్లు. అన్నిటికన్నా కష్టమైన చోట మాత్రం మనిషిని పెట్టలేదు, దూరం నుంచి నడిపే కెమెరాలు పెట్టారు. అంతకు ముందు 2016లో హోనాల్డ్ ఒకసారి మొదలుపెట్టి, కింది భాగంలోని నున్నటి వాలు దగ్గరే ఆపి వెనక్కి వచ్చేశాడు. మన బండలాంటి వాలే అది. దిగిపోతానంటే దిగనివ్వడం కెమెరా పట్టుకున్నవాళ్ల మొదటి పని. "ఇంకోసారి చేస్తావా, షాట్ రాలేదు" అని క్రక్స్ దగ్గర అడగనే అడగకండి. రాకపోతే రాలేదు. వారం తర్వాత వాళ్లంతట వాళ్లు ఎక్కినప్పుడు తీయండి.

మన దగ్గర తాడు లేకుండా ఎక్కుతాను, తీయమని ఎవరైనా అంటే, కెమెరా సంచిలో పెట్టి ఇంటికి వచ్చేయండి. కెమెరా ఉందనే ధైర్యంతో ఎక్కేవాళ్లను నేను చూశాను.

ఎడిటింగ్ సులువు. క్రక్స్ ముక్క నలభై సెకన్లు ఉన్నా కోయకండి, స్లో మోషన్ పెట్టకండి, పాట వేయకండి. బూటు రబ్బరు బండకు రాసుకునే చప్పుడు, ఊపిరి, దూరంగా ఊళ్లో మైకు, ఇవి చాలు. మాటలు ఇంటి దగ్గర రికార్డ్ చేయండి, ఎక్కి దిగిన వెంటనే కాదు.

పూర్తయ్యాక మొదట చూడాల్సింది ఎక్కినవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు, కింద తాడు పట్టుకున్నవాళ్లు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం షూటింగుకు ముందే తీసుకోవాలి. వాళ్లు తీసెయ్యమన్న ముక్క తీసేసి, మళ్లీ వాళ్లకే చూపించి, ఆ తర్వాతే ఇంకొకరికి పంపండి.