ఎల్క్ వేటకు రైఫిల్ కొనే ముందు

ఆగస్టు దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఈసారి కొలరాడోలో ఎల్క్ లైసెన్సు దొరికింది. ఏ క్యాలిబర్ కొనమంటావు?" అని. క్యాలిబర్ అంటే తూటా కొసన ఉండి ఎగిరే గుండు వ్యాసం. అడిగేవారిలో సగం మందికి జవాబు ముందే మనసులో ఉంటుంది: దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది. జంతువు పెద్దది కాబట్టి తూటా కూడా పెద్దదే కావాలన్నది వారి లెక్క. అది పూర్తిగా తప్పని అనను. ఎల్క్ అంటే అమెరికాలోని పెద్ద జింక. మగది 300 కిలోలు దాటుతుంది, మన కణుజుకు పెద్దన్న అనుకోవచ్చు. కానీ ఆ లెక్కలో తుపాకీ పట్టుకునే మనిషిని మరిచిపోతున్నారు.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట దాదాపు ముగిసిపోయింది. కాబట్టి మనలో చాలామంది ఇంట్లో తుపాకీ చూస్తూ పెరగలేదు. ఇక్కడ అమెరికాలో పిల్లలు పన్నెండేళ్లకే తాత వెంట తిరిగి నేర్చుకున్నదాన్ని మనం నలభై ఏళ్ల వయసులో నేర్చుకుంటున్నాం. అందుకే దుకాణానికి వెళ్లే ముందు కాగితాల సంగతి చెబుతాను. హెచ్-1బి వంటి వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. మిత్రుడి రైఫిల్‌ను సరదాగా ఒకసారి చేతిలోకి తీసుకున్నా ఈ చట్టం వర్తిస్తుంది. కొలరాడోలో లైసెన్సు కావాలంటే, 1949 జనవరి 1న లేదా ఆ తర్వాత పుట్టినవారు వేట శిక్షణ పూర్తి చేసిన కార్డు చూపాలి. ముందు శిక్షణ, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే దుకాణం. ఈ వరుస తప్పవద్దు. గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తున్నవారు న్యాయవాదిని కూడా ఒక మాట అడగడం మంచిది.

ఇక క్యాలిబర్. కొలరాడో నిబంధన ప్రకారం ఎల్క్‌కు కనీసం 24 క్యాలిబర్, అంటే అంగుళంలో వందకు 24 వంతుల వ్యాసం ఉండాలి. గుండు లోపలికి వెళ్లాక విచ్చుకునే రకమై ఉండాలి, బరువు 85 గ్రెయిన్లకు తగ్గకూడదు. వంద గజాల దగ్గర దాని శక్తి కనీసం 1,000 అడుగు-పౌండ్లు ఉండాలి. గ్రెయిన్ అంటే భయపడకండి, గ్రాముకు పదిహేనున్నర గ్రెయిన్లు. ఈ లెక్కన 243 విన్‌చెస్టర్ (అంగుళంలో వెయ్యికి 243 వంతులు) కూడా చట్టానికి సరిపోతుంది. అయినా మొదటిసారి వెళ్లేవారికి నేను దాన్ని చెప్పను. గురి జానెడు పక్కకు పోయి గుండు భుజం ఎముకకు తగిలితే అది చాలినంత లోతుకు దిగదు.

మరి పెద్దది కొంటే? నేను కొన్నాను. మొదటి ఏడాది దుకాణదారుడి మాట విని ఎక్కువ మందు పట్టే 300 విన్‌చెస్టర్ మాగ్నమ్ తెచ్చుకున్నాను. 243 వెనక్కి తన్నే తన్నుడు ఒకటి అనుకుంటే 30-06 రెండింతలు తన్నుతుంది, 300 మాగ్నమ్ మూడింతలకు దగ్గరగా తన్నుతుంది. మూడో తూటాకే స్కోప్ (గురి చూసే దుర్బీను) అంచు వచ్చి కనుబొమ్మ మీద కొట్టింది. నెలవంక ఆకారంలో తెగింది, ఆ గీత ఇప్పటికీ ఉంది. గాయం మానినా అలవాటు మాత్రం మానలేదు. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకోవడం, భుజం ముందుకు తోయడం మొదలైంది. నాకైతే తెలియనే లేదు.

అది బయటపెట్టింది మా వీధిలోని ఓ పెద్దాయన. రిటైరైన వడ్రంగి. ఓ ఆదివారం నా రైఫిల్ తీసుకుని, నాకు కనబడకుండా తూటా నింపి అందించారు. పేలింది. మళ్లీ నింపారు, పేలింది. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' అని మాత్రం చప్పుడైంది, కానీ బ్యారెల్ మూతి బెత్తెడు కిందికి వంగింది. ఆయన పెట్టింది మందు లేని ఉత్తి తూటా. పేలిన రెండుసార్లూ ఆ చప్పుడులో కలిసిపోయిన నా ఉలికిపాటు ఈసారి నగ్నంగా కనబడింది. ఆయన ఏమీ అనలేదు, నవ్వి కాఫీ పోశారు. మరుసటి వారమే ఆ రైఫిల్ అమ్మేశాను. మీరు ఏ రైఫిల్ కొన్నా ఈ పరీక్ష ఒకసారి చేయించుకోండి. ఖర్చు లేనిది, సిగ్గుతో మాత్రం కూడుకున్నది.

నేను సూచించే పేర్లు పాతవే: 1906లో వచ్చిన 30-06, 1925 నాటి 270 విన్‌చెస్టర్, 1952 నాటి 308 విన్‌చెస్టర్. కొత్తవారిలో చాలామంది ఇష్టపడే 6.5 క్రీడ్‌మోర్ (ఈ అంకె మిల్లీమీటర్లలో) మెత్తగా తన్నుతుంది. దూరం తగ్గించుకుని, మంచి గుండు వాడేవారికి అది చాలు. నన్ను ఒక్కటే చెప్పమంటే 308 అంటాను. దాని తూటాలు ఏ మారుమూల ఊళ్లోనైనా దొరుకుతాయి. 375 వంటివి ఆఫ్రికా అడవి దున్న వేటకు పనికొస్తాయి, ఇక్కడ అవసరం లేదు.

క్యాలిబర్ మీద పెట్టే ఆలోచనలో సగమైనా గుండు రకం మీద పెట్టండి. అవే పేర్లతో చవక గుండ్లు ఎముక తగలగానే ముక్కలైపోతాయి. పై తొడుగు, లోపలి సీసం అతుక్కుని ఉండే రకం గానీ పూర్తి రాగి గుండు గానీ తీసుకోండి. మాంసం ఇంటికి తెచ్చి పిల్లలకు పెట్టేవారికి రాగి గుండే మేలు, సీసపు తునకలు కూరలోకి రావు. కాలిఫోర్నియాలో వేటకైతే ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు. 2019 జులై 1 నుంచి అక్కడ వేటలో సీసం తూటాలు పూర్తిగా నిషేధం.

నాకు అన్నిటికంటే భయం వేసేది తూటాల కలగలుపు. 300 విన్‌చెస్టర్ మాగ్నమ్, 300 విన్‌చెస్టర్ షార్ట్ మాగ్నమ్, 300 వెదర్‌బీ అని మూడు డబ్బాలు అల్మారాలో పక్కపక్కనే ఉంటాయి. మూడూ వేరువేరు తూటాలు. కౌంటర్ దగ్గర "300 ఇవ్వండి" అంటే ఏది చేతిలో పెడతారో తెలియదు. ఒకదాని బదులు మరొకటి పేలిస్తే ఇత్తడి గుల్ల పగిలి వేడి వాయువు ముఖం మీదికి రావచ్చు, రైఫిలే బద్దలు కావచ్చు. డబ్బా మీద పేరు, తూటా అడుగున చెక్కిన అక్షరాలు, బ్యారెల్ మీద చెక్కిన అక్షరాలు మూడూ ఒకటేనని వెలుతురులో చదవండి. అద్దాలు వాడేవారు అద్దాలు పెట్టుకునే చదవండి. ఇద్దరు మిత్రులు రెండు రకాల రైఫిళ్లతో ఒకే గుడారంలో ఉంటే తూటాలు వేరువేరు రంగు సంచుల్లో పెట్టుకోవాలి, జేబుల్లో విడిగా వేసుకోకూడదు.

సాధన సెప్టెంబరులోనే మొదలుపెట్టండి. చెవులకు రక్షణ తప్పనిసరి. రైఫిల్ చప్పుడు 160 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది. తన్నుడు తగ్గించే మజిల్ బ్రేక్ బిగిస్తే చప్పుడు ఇంకా పెరుగుతుంది. 200 గజాలకు గురి సరిచేసుకున్న 30-06లో 180 గ్రెయిన్ల గుండు 300 గజాల దగ్గర సుమారు జానెడు కిందికి పడుతుంది, 400 దగ్గరకు వచ్చేసరికి మూరెడు దాటుతుంది. అందుకే ఎంత దూరం వరకు కాల్చగలరో ముందే తేల్చుకోండి. బల్ల మీద ఇసుక సంచి పెట్టి కాల్చినదాన్ని నమ్మకండి. కాగితపు ప్లేటు ఒకటి నిలబెట్టి, మోకాలి మీద కూర్చుని, కొంచెం పరుగెత్తి ఆయాసపడుతూ ఐదు తూటాలు కాల్చండి. ఐదూ ప్లేటులో పడే అతి ఎక్కువ దూరమే మీ దూరం. నాది 220 గజాలు. ఆ మాట చెప్పుకోవడానికి నాకు నామోషీ ఏమీ లేదు.

హ్యూస్టన్ నుంచో డాలస్ నుంచో విమానంలో వచ్చేవారు రైఫిల్‌ను ఖాళీగా, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్ దగ్గర చెప్పి సామానులో వేయాలి. తూటాలు వాటి డబ్బాల్లోనే ఉండాలి. చాలా ఎయిర్‌లైన్స్ ఐదు కిలోలకు మించి ఒప్పుకోవు. దిగాక కుదుపులకు స్కోప్ కదిలిందేమో చూడటానికి రెండు మూడు తూటాలైనా కాల్చి సరిచూసుకోండి. కారులో వెళ్లేటప్పుడు ఛాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక పేలే గదిలో తూటా ఉండకూడదు. నారింజ లేదా గులాబీ మెరుపు రంగు చొక్కా 500 చదరపు అంగుళాలకు తగ్గకుండా ఉండాలి, ఆ రంగు టోపీ కూడా.

కొండ మీద మంచు పడుతున్నప్పుడు జారి కూర్చున్నా, తుపాకీ ఆసరాగా పట్టుకుని లేచినా, ముందు తూటా తీసి బ్యారెల్ లోపల మంచు గానీ బురద గానీ ఇరుక్కుందేమో చూడండి. నేను బ్యారెల్ మూతి మీద బెలూన్ లాంటి పల్చని రబ్బరు తొడుగు వేస్తాను. ఎల్క్‌ను కాల్చాక అది నడుచుకుంటూ పొదల్లోకి వెళ్లిపోతే వెంటపడకండి. అది చివరగా కనబడిన చోటి చెట్టును గుర్తుపెట్టుకుని, గడియారం చూసుకుని అరగంట కూర్చోండి. ఆ అరగంటలో నేను ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తింటాను.