ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య సంగీతం వినాలనుకుంటే ముందు తాళం వేయండి

బాక్, మోజార్ట్, బీథోవెన్ దాకా హాయిగా విని, 1900 దాటగానే "ఇదేం గోల" అని ఆపేసేవాళ్లు చాలామంది. నేనూ ఆస్ట్రియా స్వరకర్త షోన్‌బర్గ్ దగ్గర ఆపేసి రెండేళ్లు మళ్లీ అటు వెళ్లలేదు. సంవత్సరాల వరుసలో వినడమే నేను చేసిన పొరపాటు. కాస్తో కూస్తో తాళం వేయడం వచ్చినవాళ్లకి ఇంకో దారుంది: ముందు లయ పట్టుకోండి, స్వరాల సంగతి తర్వాత చూద్దాం.

మొదట అమెరికా స్వరకర్త స్టీవ్ రైష్ 1972లో రాసిన 'క్లాపింగ్ మ్యూజిక్'. దీనికి వాయిద్యం అక్కర్లేదు, ఇద్దరు మనుషులు చాలు. మూడు చప్పట్లు, ఒక ఖాళీ, రెండు చప్పట్లు, ఒక ఖాళీ, ఒక చప్పట, ఖాళీ, రెండు చప్పట్లు, ఖాళీ. మొత్తం పన్నెండు మాత్రలు. ఇద్దరూ కలిసి మొదలుపెట్టండి. కొన్ని ఆవృత్తాలయ్యాక ఒకరు అదే కొనసాగిస్తుంటే రెండోవాళ్లు ఒక్క మాత్ర ముందుకి జరగాలి, మళ్లీ కొంతసేపటికి ఇంకో మాత్ర, అలా పన్నెండుసార్లు జరిగేసరికి ఇద్దరూ మళ్లీ మొదట్లోలాగే కలుస్తారు. ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి చేసి చూడండి, రెండో జరుపు దగ్గరే చెయ్యి తప్పుతుంది. ఆ తర్వాత రికార్డింగ్ వింటే ప్రతి మార్పూ స్పష్టంగా తెలుస్తుంది.

ఇప్పుడు రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ రాసిన బ్యాలే 'రైట్ ఆఫ్ స్ప్రింగ్'. 1913 మే 29న పారిస్‌లో మొదటి ప్రదర్శన రోజు హాల్లో పెద్ద అల్లరి జరిగిందనేది అందరూ చెప్పే కథే, అది పక్కన పెట్టి దాదాపు మూడున్నర నిమిషాల దగ్గరికి వెళ్లండి. తీగవాయిద్యాలు ఒకే కార్డ్‌ని (ఒకేసారి మోగే కొన్ని స్వరాల గుంపుని) గట్టిగా, సమానమైన దెబ్బలుగా కొట్టడం మొదలుపెడతాయి. అక్కడ ఆదితాళం వేయండి, ఒక్కో క్రియకి నాలుగు దెబ్బలు. మొదటి ముప్పై రెండు దెబ్బలు సరిగ్గా ఒక ఆవర్తనంలో సరిపోతాయి, కానీ ఊనికలు (మిగతావాటికంటే గట్టిగా నొక్కిన దెబ్బలు) మాత్రం 10, 12, 18, 21, 25, 30వ దెబ్బల మీద పడతాయి. మీ చెయ్యి నిలకడగా ఉంటేనే ఆ ఊనికలు ఎంత ఎదురు తిరుగుతున్నాయో తెలుస్తుంది. నాకు ఈ సంగీతం మీద ప్రేమ మొదలైంది ఇక్కడే, ఇప్పటికీ ఆ చోటుకి రాగానే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

తర్వాత మెస్సియాన్. ఈయన ఫ్రెంచి స్వరకర్త, పదమూడో శతాబ్దపు శార్ఙ్గదేవుడి 'సంగీత రత్నాకరం'లోని దేశీ తాళాల పట్టికను శ్రద్ధగా చదువుకున్నాడు. జర్మన్ల చేతికి యుద్ధఖైదీగా చిక్కి, గోర్లిట్జ్ శిబిరంలో 'క్వార్టెట్ ఫర్ ది ఎండ్ ఆఫ్ టైమ్' పూర్తిచేశాడు. 1941 జనవరి 15న ఆ చలిలో తోటి ఖైదీల ముందే వాయించారు, పియానో ఆయనే. మొదటి భాగంలో పియానో లయ రాగవర్ధన, చంద్రకళ, లక్ష్మీశ అనే మూడు తాళాల నుంచి వచ్చింది. మొత్తం పదిహేడు నిడివులు, వాటిమీద ఇరవై తొమ్మిది కార్డులు. లయ ఒక చుట్టు పూర్తిచేసేసరికి కార్డులు ఇంకా సగం దారిలోనే ఉంటాయి, అందుకే ఎంత విన్నా ఎక్కడా మళ్లీ మొదలైనట్టు అనిపించదు. పైన క్లారినెట్, వయొలిన్ పిట్టల్లా పాడుతుంటాయి. తాళం వేయాలని ప్రయత్నించకండి, కళ్లు మూసుకుని వినండి చాలు.

ఇక స్వరాల వైపు రండి. ముందు ఆర్వో పార్ట్ 1978లో రాసిన 'ష్పీగెల్ ఇమ్ ష్పీగెల్', పూర్తిగా మన శంకరాభరణం స్వరాలే, వయొలిన్ ఒక్కో స్వరం పెంచుకుంటూ దూరం వెళ్లి మళ్లీ గాంధారానికే చేరుతుంటుంది. ఫ్రెంచి స్వరకర్త డెబ్యుస్సీ 1894 నాటి 'ప్రెల్యూడ్ టు ది ఆఫ్టర్‌నూన్ ఆఫ్ ఎ ఫాన్'లో మొదటి ఫ్లూట్ పలుకు ఒక్కటే పదిసార్లు వినండి, షడ్జం ఎక్కడుందో తేల్చుకోలేరు.

ఆ సందేహం అలవాటయ్యాక షోన్‌బర్గ్ బడికి వెళ్లొచ్చు. 1920ల మొదట్లో ఆయన పెట్టిన నియమం ఇది: పన్నెండు స్వరస్థానాలనీ ఒక వరుసలో పేర్చాలి, ఏదీ షడ్జం కాదు, అన్నీ సమానమే. కానీ ఆయనకంటే ముందు ఆయన శిష్యుడు బెర్గ్ 1935లో రాసిన వయొలిన్ కన్సర్టో (ఒక వయొలిన్, దానికి తోడు పెద్ద వాద్యబృందం) వినండి. పద్దెనిమిదేళ్లకే పోలియోతో పోయిన మానన్ గ్రోపియస్ జ్ఞాపకార్థం రాశాడు, అదే ఏడాది డిసెంబర్‌లో తనూ పోయాడు. మొదట్లో వయొలిన్ తన నాలుగు ఉత్త తీగల (వేలు నొక్కని తీగల) మీదే మెల్లగా పైకెళుతుంది, చివర్లో బాక్ కోరల్ (చర్చిలో పాడే పాట) ఒకటి వినిపిస్తుంది. ఆ కోరల్ మొదటి నాలుగు స్వరాలూ బెర్గ్ పేర్చుకున్న వరుసలో చివరి నాలుగు స్వరాలే, అందుకే పాత పాట కొత్త పాటలోంచే పుట్టినట్టుంటుంది. కళ్లు చెమర్చకుండా వినడం నావల్ల కాదు.

చివరగా షోన్‌బర్గ్ మరో శిష్యుడు వెబెర్న్, ఓపస్ 10 (ఆయన పదో రచన)లో నాలుగో ముక్క. అరనిమిషం కూడా ఉండదు. నచ్చిందో లేదో తేల్చేముందు వరసగా మూడుసార్లు వినండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఫ్యాన్ ఆపేసి.