అందుబాటు ధర ప్లేనార్ హెడ్‌ఫోన్: కొన్నాక ఇంట్లోనే పరీక్షించుకునే పద్ధతి

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లోని మామూలు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో ప్లేనార్ మాగ్నెటిక్ హెడ్‌ఫోన్‌ను (అయస్కాంతాలతో పలుచని పొరను కదిలించి పలికే రకం) తలకు పెట్టుకుని విని చూసే వీలు దొరకడం అరుదు. చాలామంది ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటారు కాబట్టి అసలు పరీక్ష ఇంట్లో, వాపసు గడువు ముగిసేలోపు జరగాలి. పది, పన్నెండు వేలు పోసి కొన్న వస్తువును రెండు పాటలు విని బాగుందనో బాగాలేదనో తేల్చేయకూడదు. ఈ రకం హెడ్‌ఫోన్లలో నాదాన్నీ సుఖాన్నీ విడివిడిగా చూడడం కుదరదని నా గట్టి అభిప్రాయం. ప్యాడ్ చెవి చుట్టూ ఎంత బాగా ఆనితే బాస్ (తక్కువ స్వరాల మోత) అంత నిండుగా వినిపిస్తుంది, బరువు తల మీద ఎంత సమంగా పడితే అంతసేపు వినగలుగుతాం.

మామూలు డైనమిక్ హెడ్‌ఫోన్‌లో తీగచుట్ట ఒకటి కోన్‌కు అంటుకుని ఉండి దాన్ని ముందుకూ వెనక్కూ నెడుతుంది. ప్లేనార్‌లో విద్యుత్తు పారే సన్నని గీతలు పలుచని పొర మీదనే పరిచి ఉంటాయి, ఆ పొరకు ఒకవైపునో రెండువైపులానో అయస్కాంత పట్టీలు ఉంటాయి. అందువల్ల పొర చాలావరకు ఒక్కసారిగా కదులుతుంది, బాస్ లోతుకు దిగినా వక్రీకరణ, అంటే అసలు శబ్దం చెదిరిపోవడం, తక్కువగా ఉంటుంది. అయితే ఆ అయస్కాంతాల వల్లనే బరువు పెరుగుతుంది, కదిలించడానికి కావలసిన విద్యుత్తు కూడా సాధారణంగా పెరుగుతుంది. యమహా ఈ పద్ధతిలో హెచ్‌పీ-1 హెడ్‌ఫోన్‌ను 1976లోనే తెచ్చింది. ఇప్పుడు కొత్తగా వచ్చిందల్లా మధ్యతరగతి చేతికందే ధర.

ముందుగా తేల్చుకోవలసింది మన ఫోనో డాంగిలో (ఫోన్‌కూ హెడ్‌ఫోన్‌కూ మధ్య తగిలించే చిన్న పరికరం) దీన్ని నడపగలదా అన్నది. హైఫైమ్యాన్ కంపెనీ ప్లేనార్ హెచ్‌ఈ400ఎస్‌ఈని ఉదాహరణగా తీసుకుందాం. దాని ఇంపిడెన్స్ (విద్యుత్తుకు చూపే అడ్డు) 25 ఓమ్‌లు, సెన్సిటివిటీ (ఇచ్చిన విద్యుత్తుకు ఎంత గట్టిగా మోగుతుందన్న లెక్క) 91 డెసిబెల్‌లు అని కంపెనీ చెబుతుంది. ఆ 91ని ఒక మిల్లీవాట్‌కు లెక్కగా తీసుకుంటే, 1 వోల్ట్ ఇచ్చే చిన్న డాంగిల్ 25 ఓమ్‌లలోకి 40 మిల్లీవాట్లు పంపుతుంది, అంటే 107 డెసిబెల్‌ల దాకా వెళ్లగలదు. సగటున 75 డెసిబెల్‌ల దగ్గర వినేవారికి పాటలో 20 డెసిబెల్‌ల ఎగుడు వచ్చినా 95 దాటదు, దానికి రెండున్నర మిల్లీవాట్లు చాలు. కాబట్టి యాంప్ (శబ్దానికి బలం పెంచే వేరే పెట్టె) లేనిదే ప్లేనార్ పలకదన్న మాటను గుడ్డిగా నమ్మి ముందే మరో ఐదు వేలు ఖర్చు చేయకండి. అయితే కొన్ని కంపెనీలు సెన్సిటివిటీని మిల్లీవాట్‌కు కాక వోల్ట్‌కు లెక్కగట్టి ఇస్తాయి. 25 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు వోల్ట్‌కు 100 అని రాసి ఉంటే అది మిల్లీవాట్‌కు 84 మాత్రమే. పెట్టె మీది పెద్ద అంకెను చూసి మోసపోకుండా ఉండాలంటే ఆ అంకె పక్కనున్న కొలమానాన్ని కూడా చదవాలి.

ఇక వినే చోటు సంగతి. ఈ ధరలో దొరికే ప్లేనార్లలో ఎక్కువ భాగం వెనుకవైపు జాలీతో తెరిచి ఉండేవే, అందువల్ల బయటి చప్పుడు లోపలికీ లోపలి పాట బయటికీ పోతుంది. కాజీపేట నిట్ హాస్టల్ గదిలో పక్క మంచం మీద నిద్రపోయే స్నేహితుడు ఉంటే ఈ ఒక్క కారణంతోనే తెరిచిన రకాన్ని పక్కన పెట్టవలసి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో కూలర్ లేనిదే గడవదు. కూలర్ మోత, ఫ్యాన్ హోరు అచ్చంగా బాస్ ఉండే చోటునే కమ్మేస్తాయి. దాంతో బాస్ పలుచగా ఉందని హెడ్‌ఫోన్ మీద నింద వేసి, వాల్యూమ్ పెంచుతూ పోతాం. మొదటి రెండు మూడు విడతలైనా కూలర్ ఆపి, తెల్లవారుజామునో బాగా రాత్రిపూటో వినాలి. కరెంటు పోయిన వేళ ఇందుకు ఎంతో అనువైనది, ఎందుకంటే ఫోనూ డాంగిలూ బ్యాటరీ మీదనే నడుస్తాయి. వాల్యూమ్‌కు మాత్రం హద్దు పెట్టుకోవాలి. పెద్దవారు వారానికి 40 గంటలకు మించకుండా 80 డెసిబెల్‌ల దగ్గర వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, పిల్లలకు ఆ హద్దు 75.

ప్యాడ్ ఆనే తీరును చేత్తోనే పరీక్షించవచ్చు. హెడ్‌ఫోన్ పెట్టుకుని చూపుడువేలిని ప్యాడ్ అంచు వెంట చెవి చుట్టూ నెమ్మదిగా తిప్పండి. చెవితమ్మె వెనుక, దవడ ఎముక మొదలయ్యే చోట వేలు సులువుగా దూరిందంటే అక్కడ గాలి పోతున్నట్టే. హెచ్‌ఈ400ఎస్‌ఈ వంటి వాటిలో కప్పు పక్కలకు తిరగదు కాబట్టి ఈ ఖాళీ ఎక్కువగా కనిపిస్తుంది. తర్వాత 30, 40, 60 హెర్ట్జ్ స్వరాలను (హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలన్న లెక్క, అంకె తగ్గేకొద్దీ స్వరం బరువెక్కుతుంది) తక్కువ వాల్యూమ్‌లో మోగించి, కప్పులను రెండు చేతులతో కొద్దిగా అదమండి. అదిమినప్పుడు బాస్ ఒక్కసారిగా పెరిగిందంటే మామూలుగా పెట్టుకున్నప్పుడు మీకు పూర్తి బాస్ అందడం లేదన్నమాట. కళ్లద్దాల కాడలు, బుట్టకమ్మలు, చెవుల మీదుగా పోయే జడ ఇలాంటి సందులనే చేస్తాయి. కాబట్టి రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండి పరీక్షించాలి. కొన్ని ప్లేనార్లను గట్టిగా అదిమితే లోపలి పొర గాలి ఒత్తిడికి కరకరమంటుంది. అందువల్ల చెవుల మీద దబ్బున వేసుకోకూడదు.

నాదాన్ని అంచనా వేయడానికి ఎక్కడివో పరీక్ష పాటలు అవసరం లేదు, చెవికి చిన్నప్పటి నుంచి తెలిసిన చప్పుళ్లే మేలు. శుభ్రంగా రికార్డు చేసిన డప్పు వాయింపును వెతికి పట్టుకోండి. డప్పును లావుపాటి సిర్రతోనూ సన్నని చిటికెన పుల్లతోనూ కలిపి వాయిస్తారు. సిర్ర దెబ్బలో తోలు గుమ్మని మోగి వెంటనే తగ్గాలి, పుల్ల దెబ్బ దాని మీద విడిగా చిటుక్కుమని తెలియాలి. ఈ రెండూ కలిసిపోయి ఒకే ముద్దగా వినిపిస్తే హెడ్‌ఫోన్‌లో తప్పుంది, లేదా ప్యాడ్ సరిగా ఆనలేదు. మంచి ప్లేనార్‌లో ఈ వేరు స్పష్టంగా తెలుస్తుంది. అయితే ఒగ్గు డోలు ముందు నిలబడితే ఛాతీకి తగిలే ఆ గుద్దు మాత్రం చవక ప్లేనార్‌లో డైనమిక్ కంటే ఒక పాలు తక్కువగానే ఉంటుందని నాకు తోస్తుంది. అది లోపమా, ప్లేనార్‌కు సహజమైన తీరా అన్నది మీ ఇష్టాన్ని బట్టి ఉంటుంది.

గొంతుల దగ్గర ఇంకా జాగ్రత్తగా వినాలి. చాలా ప్లేనార్లలో 1 నుంచి 2 కిలోహెర్ట్జ్ మధ్య కాస్త తగ్గుదల ఉంటుంది, దానివల్ల గాయకుడి గొంతు ఒక అడుగు వెనక్కి జరిగి, పాట విశాలంగా ఉన్న భావన కలుగుతుంది. ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ గుంపుగా పాడిన బతుకమ్మ పాట పెట్టి, ముందు పాడే గొంతూ అందుకునే గొంతులూ విడివిడిగా తెలుస్తున్నాయా, చప్పట్లు ఒక్కచోట పడుతున్నాయా చూడండి. 6 నుంచి 9 కిలోహెర్ట్జ్ దగ్గర శిఖరం ఉంటే, అంటే అక్కడి శబ్దం మిగతాదాని కంటే ఎత్తుగా లేస్తే, స, శ, ష అక్షరాలు చెవిని గీరుతాయి. బాలసుబ్రహ్మణ్యం వంటి స్పష్టోచ్చారణ గల గాయకుడి పాటలో శకారమూ సకారమూ వేరుగా వినిపిస్తూనే, ఏదీ ఈల వేసినట్టు ఉండకూడదు. ఎడమ, కుడి సమంగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి 1950ల నాటి ఘంటసాల పాటలకు మించినవి లేవు. అవి మోనో రికార్డింగులు, అంటే రెండు చెవులకూ ఒకే శబ్దం అందేవి, కాబట్టి గొంతు సరిగ్గా తల నడుమ నిలవాలి. ఒకవైపుకు జరిగితే హెడ్‌ఫోన్‌ను తిరగవేసి పెట్టుకోండి. గొంతు కూడా రెండోవైపుకు జరిగితే లోపం హెడ్‌ఫోన్‌దో డాంగిల్‌దో, జరగకపోతే మీ చెవిది.

పాత హెడ్‌ఫోన్‌తో పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానం చేయనిదే తీర్పు చెప్పకండి, కాస్త గట్టిగా మోగేదే ఎప్పుడూ మేలుగా అనిపిస్తుంది. చిన్న హెచ్చుతగ్గులను ఈక్వలైజర్‌తో (బాస్ వంటివాటిని విడివిడిగా పెంచి తగ్గించే అమరిక) సరిచేసుకోవచ్చు. బాస్‌ను 4 డెసిబెల్‌లు పెంచితే మొత్తం వాల్యూమ్‌ను అంతే తగ్గించాలి, లేకుంటే పెద్ద దెబ్బల దగ్గర శబ్దం పగులుతుంది. వక్రీకరణ తక్కువ కావడం వల్ల ఈ సవరణను ప్లేనార్ బాగానే ఓర్చుకుంటుంది.

బరువు పరీక్ష ఓపికతో కూడినది. హెచ్‌ఈ400ఎస్‌ఈ దాదాపు 390 గ్రాములు ఉంటుంది. చాలామందికి తెలిసిన ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ 285 గ్రాములే. ఈ తేడా మొదటి పావుగంటలో తెలియదు. రెండు గంటలు ఆపకుండా, మధ్యలో తల వంచి చదువుతూ, ఫోన్ చూస్తూ వినండి. నడినెత్తి మీద ఒకే చోట నొప్పి మొదలైతే పట్టీ వంపు మీ తలకు సరిపోనట్టు, మెడ వెనుక లాగితే బరువు ముందుకు పడుతున్నట్టు. చెవి, కప్పు లోపలి గుడ్డకు తగులుతోందా, చెమటకు ప్యాడ్ అంటుకుంటోందా కూడా గమనించాలి. మన ఎండాకాలానికి చర్మానికి తాకే వైపు బట్టతో ఉన్న ప్యాడ్లే నయం. తలకు నూనె పెట్టుకునే అలవాటుంటే రెక్సిన్ ప్యాడ్లు త్వరగా పొరలు లేస్తాయి, విన్న ప్రతిసారీ పొడి బట్టతో తుడవాలి. ప్యాడ్ మార్చవలసి వస్తే అదే రకానివి కొనండి, మందమో గుడ్డో మారితే నాదం కూడా మారిపోతుంది.

చివరగా 20 నుంచి 200 హెర్ట్జ్ వరకు నెమ్మదిగా ఎక్కే స్వరాన్ని తక్కువ వాల్యూమ్‌లో వినండి. ఏదో ఒక చోట జరజరమన్న చప్పుడు వస్తే కప్పులో వెంట్రుక పడిందేమో చూసి, లేకపోతే అదే రోజు వాపసు కోరండి. వెల్డింగ్, గ్రైండింగ్ జరిగే చోట మాత్రం ఈ హెడ్‌ఫోన్‌ను బల్ల మీద వదలకూడదు, ఇనుప రజను అయస్కాంతాలకు అంటుకుని పొరను తాకితే వదిలించడం కష్టం. గడువు ముగిసేదాకా పెట్టెనూ, లోపలి స్పాంజినీ, బిల్లునూ పారేయకుండా ఉంచండి, పెట్టె విప్పేటప్పుడు తీసిన వీడియో ఉంటే ఇంకా మంచిది.